ఫారంలో లేని పని

మిరప చేలకు పురుగు మందు కొట్టేవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో నేను రెండేళ్లు పనిచేశాను. కాగితం మీద నా హోదా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. చేసేది మాత్రం ఊరూరా తిరిగి, ప్రశ్నలడిగి, రక్తం తీసి, ఐసు పెట్టెలో పెట్టుకుని నరసరావుపేట చేర్చడం. డిగ్రీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు నరసరావుపేటలోనే చదివాను. పుట్టి పెరిగింది గురజాల దగ్గర పల్లెలో. ఆ పక్క రైతుల మాట తీరు నాకు తెలుసని పెద్దసారు నన్ను అటే వేశారు. పెద్దసారంటే ఆ పరిశోధన నడిపించిన ప్రొఫెసరు.

పని సంగతి కొంచెం చెప్పాలి. నరం నుంచి కండరానికి కబురు చేరాక, ఆ కబురును వెంటనే తుడిచేసే ఎంజైము ఒకటి మన ఒంట్లో ఉంటుంది. కొన్ని రకాల పురుగు మందులు ఆ ఎంజైమును అణిచేస్తాయి. పురుగు అందుకే చస్తుంది. మందు మనిషి ఒంట్లోకి పోతే మనిషిలోనూ అదే తగ్గుతుంది. ఎంత తగ్గిందో రక్తంలో చూడొచ్చు. అయితే ఒకరికి మామూలుగా ఉండే స్థాయి ఇంకొకరికి ఉండదు. అందుకని మందు కొట్టే రోజులు మొదలవకముందు ఒకసారి, ముమ్మరంగా కొట్టేటప్పుడు ఇంకోసారి తీసి, ఎవరి రక్తాన్ని వాళ్ల రక్తంతోనే పోల్చాలి. మొదటిసారి తియ్యకపోతే రెండోసారి తీసినదాన్ని నమ్మకంగా ఏమీ అనలేం. శిక్షణలో ఈ మాట మాకు పదే పదే చెప్పారు.

మొదటి విడతలో రైతులు దగ్గరికి రాలేదు. రక్తం అమ్ముకుంటారన్న పుకారు ఒకటి పుట్టింది. వారం రోజులు తిరిగినా పెట్టెలో సగం గొట్టాలు ఖాళీగానే ఉన్నాయి. అప్పుడు నాకు పంపుల మెకానిక్ గుర్తొచ్చాడు.

ఆయనది గురజాల బస్టాండుకు కొంచెం అవతల రేకుల షెడ్డు. వీపున తగిలించుకునే చేతి పంపుల కాలం నుంచి, పెట్రోలుతో నడిచే తైవాన్ పంపులు, ఇప్పటి బ్యాటరీ పంపుల దాకా అన్నీ ఆయన చేతిలో పడ్డవే. మా నాన్న పంపు కూడా ఆయన దగ్గరికే వెళ్లేది. వాళ్లు ముస్లింలు. చిన్నప్పటి నుంచీ నేను బాబాయ్ అనే పిలిచేదాన్ని. సంగతి చెప్పగానే షెడ్డు ముందు పరదా కట్టి, బల్ల తుడిచి ఇచ్చాడు. పంపు బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతి రైతునూ తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టేవాడు.

"ఒరేయ్, దోమ తాగేదంత గూడా లేదురా. మా అమ్మాయి తీస్తది, నొప్పి తెలవదు. చెయ్యి చాపు."

"అమ్ముకుంటారంటగా సాయిబూ?"

"నీ రక్తం ఎవురు కొంటార్రా? వాసన చూసే పారిపోతారు."

నవ్వుతూ చెయ్యి చాపేవాళ్లు. మూడు రోజుల్లో నా పెట్టె నిండింది.

ఆ మూడు రోజులూ ఆయన పని నా కళ్ల ముందే జరిగింది. పంపు విప్పితే పోయిన పంటకు కొట్టగా అడుగున మిగిలిన మందు ఆయన చేతుల మీదుగా కారేది. గుడ్డతో తుడిచి, అదే గుడ్డ భుజాన వేసుకునేవాడు. మందు చిమ్మే నాజిల్ మూసుకుపోతే పెదాలకు ఆనించి గట్టిగా ఊదేవాడు. నా ఫారంలో చేతి తొడుగుల గురించి, ముఖానికి గుడ్డ గురించి, మందు కలిపే కర్ర గురించి కూడా ప్రశ్నలున్నాయి. అవన్నీ రైతులను అడుగుతూ, పక్కనే ఊదుతున్న మనిషిని చూస్తూ ఉన్నాను.

"నోటితో ఊదకు బాబాయ్" అన్నాను ఒకసారి.

"ఇంకెట్టా పోద్ది తల్లీ చెత్త? నేను పని నేర్చినకాడి నుంచీ ఇంతే" అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను సామాను సర్దుతుంటే బాబాయ్ వచ్చి బల్ల మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నాకు గూడా తియ్యి."

"నువ్వు మందు కొట్టవుగా బాబాయ్."

"కొట్టను, నిజమే. కొట్టే పంపుల మందులో నా చేతులేగా నానేది?"

ఫారం తిరగేశాను. వృత్తి అన్నచోట సొంత రైతు, కౌలు రైతు, కూలీ అని మూడు గడులే ఉన్నాయి. పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన కొట్టిపారెయ్యలేదు. పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ఇప్పుడు తియ్యకూడదనీ, ఆ పని గురించి ఒక పేజీ రాసి పంపితే అనుమతి అడిగి అలాంటి వాళ్లను కూడా చేరుద్దామనీ అన్నారు. "తప్పకుండా రాయమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

బాబాయ్‌తో మాత్రం "ఇప్పుడు కుదరదంట" అన్నాను. ఆయన చొక్కా చెయ్యి దించుకుని, "సర్లే, మీ లెక్క మీకుంటది" అని లేచాడు. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పెట్టెలో ఐసు కరుగుతోంది. వెళ్లిపోయాను.

ఆ పేజీ నేను రాయలేదు. ఆ సాయంత్రం రాద్దామనుకున్నాను, తర్వాత ఆ వారం అనుకున్నాను. ఎందుకు రాయలేదంటే గట్టి కారణం ఒక్కటీ చెప్పలేను. ఫారాలు కంప్యూటర్లో ఎక్కించే పని ఉంది, తర్వాతి క్యాంపు ఉంది. పెద్దసారు మళ్లీ అడగలేదు. నేను గుర్తు చెయ్యలేదు. ఈలోగా మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. రైతులు నాలుగు రోజులకోసారి మందు కొట్టడం మొదలుపెట్టారు. రెండో విడత రక్తానికి వెళ్లినప్పుడు షెడ్డు ముందు పంపులు బారులు తీరి ఉన్నాయి. ఆయనకు తలెత్తే తీరిక లేదు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ప్రాజెక్టు అయిపోయాక నరసరావుపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే డాక్టరు రాసిన చీటీ పట్టుకుని బాబాయ్, ఆయన భార్య పిన్ని లోపలికి వచ్చారు. ఆయన నడక మారిపోయింది. చిన్న చిన్న అడుగులు. ముఖంలో కదలిక తగ్గింది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే బొటనవేలు, చూపుడువేలు ఆగకుండా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. రబ్బరు పట్టీ కట్టి, ఆ చెయ్యి కదలకుండా పిన్నిని పట్టుకోమన్నాను.

"ఇప్పటికన్నా తీస్తన్నావు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నవ్వించడానికే అన్నాడు. గొంతు చాలా చిన్నదైపోయింది.

డాక్టరు వణుకుడు జబ్బని చెప్పాడట. మాత్రలు వాడాలి, పూర్తిగా పోదు అన్నాడట. రక్తం గొట్టంలోకి ఎక్కుతుండగా బాబాయ్ అడిగాడు.

"మందుల వల్లేనంటావా తల్లీ? మీరు పరిశోధన చేశారుగా."

నాకు తెలిసినంత చెప్పాను. పురుగు మందుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనబడుతోందని శాస్త్రవేత్తలు రాస్తున్నారు. కానీ ఒక్క మనిషిని చూపించి ఇతనికి ఇందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆయన తల ఊపాడు. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆనాడు ఆ పేజీ రాసి ఉంటే, ఆయన రక్తం రెండు విడతలూ తీసి ఉంటే, జబ్బుకు కారణం తేలి ఉండేదని కాదు. మందు ఒంట్లోకి పోతోందని ఒక అంకె చూపించేది. నా మాట వినని మనిషి ఆ అంకెను చూసి ఊదడం మానేవాడేమో. మానేవాడు కాదేమో. అది తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను.

రెండు వారాలు మథనపడి ఒక ఆదివారం గురజాల బస్సెక్కాను. ఇంట్లో ఇద్దరి ముందూ కూర్చుని జరిగినదంతా చెప్పాను. సారు రాయమన్నారని, నేను రాయలేదని. పిన్ని అందుకుంది.

"ఒక్క కాయితం! ఈయన నీ కోసం ఊరోళ్లందరినీ బతిమాలి కూకోబెట్టాడు. ఈయన కోసం ఒక్క కాయితం రాయలేకపోయావా?"

"ఊరుకోవే" అన్నాడు బాబాయ్.

"ఎందుకు ఊరుకోవాలి? చెప్పుకోటానికి వచ్చింది గదా, విననీ."

విన్నాను. ఆమె అన్నదాంట్లో కాదనవలసింది ఏమీ లేదు. బాబాయ్ క్షమించానని అనలేదు, తప్పుపట్టనూ లేదు. "ఇప్పుడు రాయి" అన్నాడు.

పిన్ని లోపలికెళ్లి పాత నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది. ఆయన చెబుతుంటే రాశాను. రోజుకు ఎన్ని పంపులు విప్పేవాడో, ఏ కాలంలో ఎక్కువో, వాషర్ మార్చేటప్పుడు మందు ఎక్కడెక్కడ పడుతుందో, అన్నం తినేముందు చేతులు దేంతో కడుక్కునేవాడో. ఒక పేజీ అనుకున్నది ఆరు పేజీలైంది. మధ్యలో మాట అందకపోతే పిన్నే అందించింది. ఆయన తలనొప్పులు, చెమటలు పట్టిన రోజులు ఆమెకే బాగా గుర్తున్నాయి.

పెద్దసారుకు పంపాను. పాత పరిశోధన ముగిసి, వ్యాసంగా అచ్చైపోయిందనీ, అందులో ఇప్పుడు చేర్చే వీలు లేదనీ జవాబిచ్చారు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, తానూ వెంటపడి అడగాల్సిందని అన్నారు. తర్వాత మొదలుపెట్టిన పరిశోధనలో వృత్తి అన్నచోట పంపులు బాగుచేసేవాళ్లకూ ఒక గడి పెట్టారు. మాచర్ల వైపు మెకానిక్కుల రక్తం తీస్తున్నారని, ఒకరిద్దరికి పని ఆపి విశ్రాంతి తీసుకోమని చెప్పారని విన్నాను. బాబాయ్‌ని మాత్రం చేర్చుకోలేదు. పని మానేసినవాళ్లు, మాత్రలు వాడేవాళ్లు దానికి పనికిరారు.

షెడ్డు ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు అద్దెకు తీసుకున్నారు. బాబాయ్ ఇంట్లోనే ఉంటున్నాడు. మాత్రలు వేసుకున్న రెండు గంటలు బాగానే తిరుగుతాడు, తర్వాత మంచం పడతాడు. పాత వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరుంది. పనిచేసే చోట ఎవరో దాన్ని చూసి మెచ్చుకుంటే మాట మార్చాను.

పోయిన నెల పిన్ని ఫోన్ చేసింది. ఆమె కోపం పోయిందో లేదో నాకు తెలియదు. "మీ బాబాయ్ నిన్ను అడుగుతున్నాడు, ఒకసారి వచ్చిపో" అని పెట్టేసింది. వెళ్లాలి. వెళ్లాలనుకుంటూనే మూడు ఆదివారాలు గడిచిపోయాయి.