పప్పు ఉడకని బావి

మా వీధిలో ఆడపిల్లను ఇవ్వాలంటే జాతకం కన్నా ముందు పప్పు చూసేవాళ్ళు. పిల్ల తరఫు ఆడవాళ్ళు గుప్పెడు కందిపప్పు కొంగున ముడేసుకుని పిల్లవాడి ఇంటికి వెళ్ళి, వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ బావి నీళ్ళతో, ఉప్పు వేయకుండా ఉడకబెట్టేవాళ్ళు. మెత్తబడితే తాంబూలం. లేకపోతే మజ్జిగ తాగి తిరిగి వచ్చేయడమే. కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా బావులు ఉప్పువి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కోడలు మంచినీళ్ళ కోసం మైళ్ళు నడవకూడదని పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. మంచి పద్ధతే. నా దాకా వచ్చేసరికే ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ పిల్లవాడు నాకు అప్పటికే నచ్చేశాడు. నేను మిల్లులో నూలు చుట్టే చోట ఉండేదాన్ని, అతను ఫిట్టరు. సంగు, అంటే మిల్లు సైరను, కూసి షిఫ్టు వదిలాక మా ఆడవాళ్ళ గుంపు వెనకాలే సైకిలు తోసుకుంటూ నడిచేవాడు. ఎక్కి తొక్కడానికి ఏం రోగమో అని నా స్నేహితురాళ్ళు ఒకటే నవ్వు. వాళ్ళ ఇల్లు అవినాశి దారిలో, చెరువు కింద చిత్తడి నేల పక్కన. సంబంధం మాటలు మొదలవగానే నా కోసమని కొత్త బావి కూడా తవ్వాడు.

ఆ బావి నీళ్ళలోనే మా అత్త, అంటే నాన్న చెల్లెలు, పప్పు వేసింది. తిరిగి వచ్చి, కొంగు విప్పి నా అరచేతిలో పోసింది. గింజకు గింజ రాళ్ళు!

"పొయ్యిలో కట్టెలన్నీ అయిపోయినాయి కణ్ణు, పప్పు మాత్రం అట్లే ఉండాది. ఈ సంబంధం మనకొద్దు."

"బాయి ఎక్కడ తవ్వినారత్తా?"

"చిత్తడి నడుమ ఒక దిబ్బ ఉండాది, దాని నిండా కానుగలు, నల్లతుమ్మలు. అంత పచ్చగా ఉండే చోట నీళ్ళు తియ్యగా ఉంటాయనుకున్నాడు, పావం. చెట్ల కింద చూస్తే గడ్డే లేదు, తెల్లగా చౌడు పొంగి ఉండాది. చెట్లే నీళ్ళు చెడగొట్టినాయని కొట్టేస్తానంటా ఉండాడు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సాయంత్రం నాన్న మిల్లు నుంచి వచ్చారు. ఆయనది బాయిలరు పని. ఆ రోజు దాన్ని ఆర్పి లోపల గీకారు, చొక్కా నిండా తెల్లటి పొడి.

"ఇదెక్కడిదప్పా?" అన్నాను దులుపుతూ.

"నీళ్ళదేమ్మా. ఆవిరి పైకి పోతాది, ఉప్పు పోదు గదా. అడుగున పేరుకుంటాది."

దులుపుతున్న చొక్కా వదిలేశాను. చెట్లూ అంతే కదా! పగలంతా వేళ్ళతో నీళ్ళు లాగుతాయి. చెరువు నీళ్ళు నేల లోపలి నుంచి దిబ్బ వైపే నడుస్తాయి, ఆకుల దాకా ఎక్కి గాలిలో కలుస్తాయి. ఉప్పులో చాలా మటుకు వేళ్ళ దగ్గరే ఉండిపోతుంది. అలా ఏళ్ళ తరబడి పోగైన ఉప్పులో ఈ మహానుభావుడు బావి తవ్వాడు! చెట్లు నీళ్ళు చెడగొట్టడమేమిటి, చుట్టుపక్కల ఉప్పంతా అవే తమ కిందికి లాక్కుని పెట్టుకున్నాయి. కొట్టేస్తే ఆ ఉప్పు మెల్లగా నలువైపులా పాకుతుంది.

మర్నాడు మిల్లు గేటు దగ్గర, అందరూ చూస్తుండగా, అతని సైకిలు హ్యాండిలు పట్టుకున్నాను. సిగ్గా, గాడిదగుడ్డా!

"చెట్ల మీద గొడ్డలి పడితే నేను మీ ఇంటికి రానే రాను."

"ఉప్పు బాయి ఉంటే మాత్రం వస్తావా?"

"చెరువుకీ చెట్లకీ మధ్యలో తవ్వండి. నీళ్ళు చెట్ల దగ్గరికి పోకముందే పట్టుకోండి."

"ఇదంతా నీకు ఎవరు చెప్పినారు?"

"మా అప్పా చొక్కా!"

అతను గబుక్కున సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కానీ తవ్వాడు. చిత్తడి నేల కాబట్టి ఎంతో లోతు పోకుండానే నీళ్ళు పడ్డాయట. ఇక మిగిలింది అత్త. ఒకే ఇంటికి రెండోసారి పప్పు తీసుకుపోవడం మన వంశంలో లేదని భీష్మించింది. నేను అన్నం మానేశాను. పూట గడిచేసరికి అత్తే గొణుక్కుంటూ కొంగున పప్పు ముడేసింది.

ఆమె వచ్చేదాకా గడపకూ వీధికీ ఎన్నిసార్లు తిరిగానో! చివరికి చేతిలో మూత పెట్టిన గిన్నెతో వచ్చింది. గుప్పెడు పప్పు తీసి నా నోట్లో కుక్కింది. నాలుకకు తగిలీ తగలగానే కరిగిపోయింది.

"ఉప్పే లేదే అత్తా!" అన్నాను, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా.

"ఉడికినాక నేను వేయబోతే ఆ పిల్లోడు చెయ్యి అడ్డం పెట్టినాడే. 'వద్దత్తా, ఉప్పు ఆమె వచ్చి వేసుకుంటాది' అన్నాడు."