గడ్డి మిషన్‌కు నిమ్మకాయ కట్టిన రోజు

ఆ రోజుల్లో ఖతార్‌లో మాకంటే గడ్డికే మర్యాద ఎక్కువ. ఫుట్‌బాల్ ప్రపంచకప్ రాబోతోందని లుసైల్ నగరం నిండా రోడ్లు, మేడలు, రోడ్ల పక్కన పచ్చగడ్డి, అన్నీ ఒకేసారి మొలుస్తున్న కాలం. ఆ గడ్డికి రోజూ రెండు పూటలా నీళ్లు పట్టేవాళ్లం. ఎక్కడైనా కాస్త వాడిపోతే పెద్ద సార్లు కారు దిగి మరీ పరామర్శించేవారు. మేం వాడిపోతే "యల్లా, యల్లా" అనేవారు. (కానీయ్, కదులు అని అర్థం. గల్ఫ్‌లో దిగినవాడు మొదట నేర్చుకునే మాట అదే, తిరిగి విమానం ఎక్కేదాకా వినే మాటా అదే.) అయినా నేను గడ్డిని చూసి ఎన్నడూ అసూయపడలేదు. దాన్ని వారానికోసారి కోసేస్తారు కదా, ఆ లెక్కన నా పరిస్థితే మెరుగు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. జగిత్యాల పక్క పల్లె నుంచి వెళ్లి ఒక తోటపని కంపెనీలో హెల్పర్‌గా చేరాను. ఆపరేటర్ మిషన్‌తో గడ్డి కోసుకుంటూ పోతుంటే, వెనకాల వంగి ఆ గడ్డిని సంచుల్లోకి ఎత్తేవాడు హెల్పర్. మిషన్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. పొడుగాటి గొట్టం, పై చివర కరెంటు తీగ, ఒక మీట. కింది చివర గిర్రున తిరిగే నైలాన్ దారం, ఆ దారానికీ మన కాలికీ మధ్య అరచేయంత ప్లాస్టిక్ రేకు. చూడటానికి చీపురుకు అన్నలా ఉంటుంది. అయితే ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేను గొప్పకు పోయి "మిషన్ ఆపరేటర్" అని ఒక మాట వదిలాను. అది మా మేనమామ చెవిన పడేసరికి జేసీబీ అయి కూర్చుంది. ఆయన కూతుర్ని నాకిచ్చే మాట అప్పటికే నడుస్తోంది కనుక ఆయన దర్యాప్తు మొదలుపెట్టాడు.

"ఏం అల్లుడా, దుబాయ్‌ల మిషన్ నడుపుతున్నవట గదా?" (మా ఊళ్లో ఖతారైనా కువైటైనా దుబాయే.)

"అవ్ మామా."

"మరి ఒక్క ఫోటువన్న పంపకపోతివి? హెల్పర్లు ఈడ మన ఊళ్లె గూడ మస్తుమంది ఉన్నరు. దానికి ఇమానం ఎక్కుడెందుకు?"

అప్పటికి నేను ఆ మిషన్‌ను ముట్టుకున్నది లారీలోంచి దించడానికి మాత్రమే. ఆపరేటర్ కావాలంటే సేఫ్టీ ఆఫీసర్ ముందు నడిపి చూపించి కార్డు తెచ్చుకోవాలి. కార్డు వస్తే పిల్ల, రాకపోతే సంచి. ఆ ఆఫీసర్ ఈజిప్టు మనిషి, మాతో వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు. మేం పెట్టుకున్న పేరు మాఫీ సార్. మాఫీ అంటే అక్కడ 'లేదు' అని. కళ్లకు అద్దాలు లేవా, డ్యూటీ మాఫీ. బూట్లు లేవా, డ్యూటీ మాఫీ. రోజూ పొద్దున మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకటే పాఠం: ముందు నేలంతా నడిచి రాళ్లు, డబ్బాలు ఏరెయ్యాలి. తీగ ఎప్పుడూ వీపు వెనకే ఉండాలి. తడిగడ్డిలో మిషన్ పెట్టకూడదు. దగ్గర్లో మనిషి ఉంటే మీట నొక్కకూడదు. ఏం జరిగినా ముందు మీట వదలాలి, తర్వాత ప్లగ్గు పీకాలి, ఆ తర్వాతే మిగతా బాధలు. ఆ పాఠం నాకు నిద్రలో కూడా వచ్చేది. (మేం నిలబడే నిద్రపోయేవాళ్లం కాబట్టి అసలు నిద్రలోనే వచ్చింది.)

నా పరీక్ష సరిగ్గా దసరా నాడు పడింది. దసరాకు పనిముట్టును పూజించకుండా ముట్టుకుంటే మా ఇళ్లలో ఊరుకోరు. పొద్దున్నే స్టోర్ దగ్గర మా మీసాలన్నను అడిగాను. ఆయన కోరుట్ల వైపు మనిషి, చాలా ఏళ్లుగా ఆపరేటర్. వేళ్లన్నీ ఉన్నాయి, అదే ఆయన సర్టిఫికెట్.

"బొట్టు పెట్టు, దండం పెట్టు, అయిపాయె" అన్నాడు. "దానికి ఏం కట్టకు."

"నిమ్మకాయ గూడనా?"

"అరేయ్, లారీకి కడ్తె లారీ ముంగటికి పోతది. ఇది గిర్రున తిరిగే మిషన్‌రా. చెప్పినంత చెయ్."

చెప్పినంత చెయ్యడం నా జాతకంలో లేదు. కిరాణా కొట్టులో కొన్న నిమ్మకాయను, ఏడు పచ్చిమిరపకాయలను దారానికి గుచ్చి గొట్టం నడుమ కట్టాను. (చీపురుకు అన్నకు ఎవరి దిష్టి తగులుతుందని అడక్కండి. భక్తుడు లాజిక్ చూడడు.) మాఫీ సార్ వచ్చేసరికి ఆ దండను పిడితో పాటు ఎడమ గుప్పిట్లో దాచేశాను. ఆయన చూపు ప్లాస్టిక్ రేకు మీద ఆగింది. అక్కడ నేను పెట్టిన తడి కుంకుమ చుక్కలు కారి ఉన్నాయి.

"ఖూన్!" అన్నాడు. "కిస్‌కా ఖూన్?"

అది ఎవరి రక్తమో తేల్చడానికి ముందు నా వేళ్లు లెక్కపెట్టాడు, తర్వాత మీసాలన్నవి లెక్కపెట్టాడు. "సార్, కుంకుమ్. పూజా" అని నమ్మించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన రేకు తుడిపించి, నా అద్దాలు, బూట్లు, తీగ అన్నీ చూసి, దూరంగా వెళ్లి నిలబడి కాగితం మీద ఏదో రాసుకోసాగాడు. అదే అదను. ఫోటో తీయడానికి నా ఫోన్ పట్టుకుని దూరాన నిలబడ్డ మీసాలన్నకు సైగ చేసి అద్దాలు నుదుటి మీదికి నెట్టాను.

"అద్దాలు తియ్యకురా!" అని అరిచాడు.

"అద్దాలుంటె నేనని మామ ఎట్ల గుర్తుపడ్తడే?" అని ఛాతీ విరిచి మీట నొక్కాను. ఫోటోకు అందంగా ఉండాలని పట్టు మార్చాను. గుప్పిట్లోంచి దండ గొట్టం వెంట కిందికి, తిరిగే దారం మీదికి జారింది.

తర్వాత జరిగింది వివరించడానికి వంట తెలిసినవాళ్లయితే సులువు. నిమ్మకాయ, ఏడు మిరపకాయలు రెప్పపాటులో మెత్తని పచ్చడై నేరుగా నా కళ్లలోకి వచ్చాయి. ఉప్పొక్కటే తక్కువ. లోకమంతా భగ్గుమంది. అయినా నిద్రలో నేర్చిన చదువు ఎక్కడికి పోతుంది? మీట వదిలాను. కళ్లు మూసుకుని, వీపు వెనకున్న తీగను తడుముకుంటూ పోయి ప్లగ్గు పీకాను. అప్పుడు, పద్ధతి ప్రకారం, మిగతా బాధలు మొదలుపెట్టాను. నా అరుపుకు పక్క సైటులో పని ఆగిపోయిందని తర్వాత చెప్పారు. మాఫీ సార్ స్వయంగా సీసాల కొద్దీ నీళ్లు నా కళ్లలో పోశాడు. పోస్తూనే తిట్టాడు. రిపోర్టులో ప్రమాద కారణం దగ్గర ఏం రాయాలో తెలియక చాలాసేపు నిమ్మకాయ ముక్కను చూస్తూ కూర్చున్నాడట.

"ఆజ్ కార్డ్ మాఫీ" అన్నాడు చివరికి. వెళ్లబోతూ ఆగాడు. "ప్లగ్ పెహలే నికాలా. అచ్ఛా. కల్ ఫిర్ ఆవో." (ముందు ప్లగ్గు పీకావు, బాగుంది, రేపు మళ్లీ రా అని.)

మర్నాడు అద్దాలు ముక్కు మీద, దేవుడు మనసులో, కాయగూరలు వంటింట్లో పెట్టుకుని మళ్లీ నడిపాను. కార్డు ఇచ్చేశారు. దాని మీది ఫోటో కూడా, నా కళ్లవాపు దిగకముందే, అక్కడికక్కడే తీశారు. అదే మామకు పంపాను. గంటలో ఫోన్.

"ఏడుస్తున్నవా అల్లుడా? మిషన్ లేకుంటె మాయె, వచ్చెయ్ బిడ్డా!"

అంత జాలి మీద అబద్ధం నిలబెట్టలేక అంతా చెప్పేశాను. "గడ్డి కోసెతందుకు మిషనెందుకురా, ఆడ కొడవండ్లు లేవా?" అన్నాడు మామ. ఇంతలో ఎవరో ఫోన్ లాక్కున్నారు.

"కండ్లకు ఏమైంది బావా?"

"మిరపకాయలు పడ్డయ్."

"గడ్డి మిషన్ల మిరపకాయలేంది?" అని ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. మామ బ్యాలెన్స్ అయిపోయేదాకా నవ్వింది. సంబంధం ఖాయమని నాకు అప్పుడే అర్థమైంది, మామకు మాత్రం ఇంకో ఆర్నెల్లు పట్టింది.

ఆ కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. మొన్న మా ఆవిడ బీరువా సర్దుతూ నా చేతికిచ్చింది. దాని మీది ఫోటోలో బజ్జీల్లా ఉబ్బిన కళ్లు, అయినా చొక్కా గుండీలు తెగేలా విరిచిన ఛాతీ. ఆ కుర్రాడికి ఏదైనా బుద్ధి చెబుదామనిపించింది. వినడని తెలుసు. ఒకవేళ వింటే నేను ఇప్పుడు ఎవరి బీరువా ముందు కూర్చునేవాణ్నో తెలియదు. కార్డు తుడిచి, ఆమె చీరల మధ్యే పెట్టేశాను.