నాగరాజు గారి పొట్ట మీద మట్టిపట్టీ

ఉద్యోగం అడగడానికి వెళ్ళి, ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషినే బల్లకు అతికించినంత పని చేసి వచ్చినవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ లోటు ఇవాళ తీరుస్తాను.

రెండువేల అయిదో, ఆరో. కంప్యూటర్ల ముందు కూర్చున్న బెంగుళూరు నడుములన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి నొప్పెట్టాయి. కంపెనీలు ‘వెల్‌నెస్ రూము’లు తెరిచి, ప్రకృతి వైద్యం తెలిసినవాళ్ళ కోసం వెతకసాగాయి. డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయిన నేను మూడు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించాను. నా చదువులో గట్టిగా ఉన్నది ఆ లామినేషనే.

మా అక్క కరుణ ఎముకల వార్డులో నర్సు. నేనుండేది ఆవిడ ఇంట్లోనే. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ నుంచి పిలుపు రాగానే తేల్చి చెప్పేసింది.

“ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం ఒంగోలు బస్సెక్కు. చర్చి స్కూల్లో నాన్న కింద గుమాస్తాగా చేరు.”

నాన్న కింద గుమాస్తా! ఇంట్లో తిట్లు చాలక ఆఫీసులో కూడా.

కంపెనీలో నన్ను పరీక్షించే మేనేజరు నాగరాజు గారు. తాతల కాలం నుంచీ బెంగుళూరులో స్థిరపడ్డ తెలుగాయన. “మాటలొద్దప్పా. నా కడుపుకే మట్టిపట్టీ వేసి చూపీ. పదకొండుకు ఫారిన్ క్లయింట్లతో మీటింగుండాది,” అన్నారు.

ఇంటి దగ్గర నానబెట్టి తెచ్చిన మట్టి డబ్బా మూత తీశాను. మట్టి కాదు, చారు. బస్సు కుదుపులకు కాదు, నేను పోసిన నీళ్ళకు. ఆయన చొక్కా విప్పుతున్నారు. పక్క గదిలో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతోంది. గుమ్మం దగ్గర మూతి విప్పిన సంచిలో తెల్లటి మెత్తని పొడి. తెల్లమట్టి చలవ చేస్తుందని కోర్సులో చెప్పారు కదా! నాలుగు దోసిళ్ళు తెచ్చి కలిపాను. అద్భుతంగా చిక్కబడింది. బల్ల మీద పడుకున్న ఆయన పొట్ట మీద పల్చటి గుడ్డ పరిచి, అట్టులా మందంగా పోశాను.

“ఇరవై నిమిషాలు కదలకూడదు సార్.”

అయిదు నిమిషాలకు ఆయన కళ్ళు తెరిచారు. “ఏమప్పా, చల్లగా ఉంటాదన్నావు, వెచ్చగా ఉండాదే?”

“లోపలి మలినాలు బయటికొస్తున్నాయి సార్.”

“భలే ఉండాది.”

మరో మూడు నిమిషాలకు, “మలినాలు శానా ఉండాయేమో, కాలుతా ఉండాది. స్వల్ప తీయప్పా.”

తీయబోయాను. గోరు దిగలేదు. వేలితో తట్టాను. టక్ టక్‌మంది. మనిషి పొట్ట తలుపులా మోగడం నేను వినడం అదే మొదలు. పక్క గదికి పరిగెత్తి సంచి మీది అక్షరాలు చదివాను. కలపక ముందు చదవాల్సినవి! ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. అక్కకు ఫోన్ కొట్టాను.

“అక్కా, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ఎట్లా తీస్తారు?”

“ఎవరికి విరిగిందిరా?”

“ఇంకా ఎవరికీ విరగలేదు. కాసేపట్లో నాకు విరగొచ్చు.”

విషయం విని అక్క తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది. “ఆలస్యం చేస్తే చర్మం కాలుద్ది. అంచుల్లో నూనె పోసి పైకి లేపు. ఇప్పుడే!”

మాలిష్ కోసం తెచ్చుకున్న నువ్వుల నూనె సీసా మొత్తం ఒంపాను. గడియారంలో పదీ నలభై.

“ఏమప్పా, లేస్తామంటే లేయలేకపోతా ఉండాను!”

“నేను చెప్పేదాకా కదలకండి సార్.”

“కదలాలని నాకుంటే చాలునా, కదిలేదానికి అయితే కదా!”

వేళ్ళు దూర్చి, కళ్ళు మూసుకుని లాగాను. గుడ్డలోంచి దిగిన ప్లాస్టరు ఆయన పొట్ట మీది వెంట్రుకలన్నిటినీ వెంటబెట్టుకుని ఊడొచ్చింది. ఆయన వేసిన కేకకు పక్క గదిలో సుత్తులు ఆగిపోయాయి. దేవుడి దయవల్ల చర్మం ఎర్రబడిందంతే. నాగరాజు గారు నున్నటి పొట్టను నిమురుకుంటూ, “తిరుపతిలో గుండు కొట్టినోళ్ళు కూడా ఇంత నున్నగా గొరగలేదు కదప్పా!” అని, చొక్కా తొడుక్కుని, తలుపు వైపు చెయ్యి చూపించారు.

కేక విని వచ్చిన సీలింగు మేస్త్రీ మాత్రం నా చేతిలోని పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. బొడ్డుతో సహా అచ్చు దిగింది.

“ఒక్క బీటా లేదు. ఎవురు పోసింది?”

“నేనే.”

“సోమవారం నుంచి పనికొస్తావాప్పా?”

అలా ఒంగోలు బస్సు తప్పింది. అప్పటి నుంచి నాదొకటే ప్రమాణం. పేరు చదవని పొడిని ప్రాణం పోయినా నీళ్ళలో కలపను. ఉప్మా చేసినా, ముందు రవ్వ ప్యాకెట్టు మీది పేరు అక్కకు పైకి చదివి వినిపించాకే పొయ్యి వెలిగిస్తాను.