లొసలీని ముక్కు

లొసలీని మా ఎదురింట్లోనే ఉంటుంది. లౌటోకా రేవులో కస్టమ్స్ ఉద్యోగం. పొద్దున్న ఏడింటికల్లా ఆమె గుమ్మం ముందు ఇసికేలి టాక్సీ వచ్చి ఆగుతుంది. ఇసికేలి ఆమె మేనమామ కొడుకు. మా ఫిజీలో బావామరదళ్ళు ఎదురుపడి ఒకరినొకరు దెప్పుకోలేదంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. అందుకే నాకు పొద్దుటి టీతోపాటు వీళ్ళ గొడవ కూడా రోజూ వినబడుతుంది.

"ఏం మరదలా, ఇంకా ఆ జుట్టు దువ్వుతూనే ఉన్నావా? వచ్చిన ఓడలు విసుగొచ్చి వెళ్ళిపోతున్నాయి!"

"నీ బండి స్టార్టయ్యేలోపు ఇంకో రెండు వస్తాయిలే బావా."

కస్టమ్స్‌లో చేరకముందు లొసలీని తొమ్మిదేళ్ళు ఆరోగ్య కేంద్రంలో మందుల గదిలో పనిచేసింది. మాత్రలు కాగితం పొట్లాల్లో వేసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి చేతికిచ్చేది. అప్పటినుంచీ ఆమెకో అలవాటు. ఏ మందు చేతికొచ్చినా ముందు వాసన చూస్తుంది. ఇంట్లో పిల్లలు నవ్వినా, ఆఫీసులో కుర్రాళ్ళు నవ్వినా మానలేదు.

కిందటేడు చెరుకు సీజన్లో జరిగిందిది. మిల్లు ముందు చెరుకు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇసికేలి టాక్సీ మిల్లు రైలు పట్టాల మీదికి వచ్చి ఆగిపోయింది. బండి చెడిపోలేదు, ఆగిపోయింది ఇసికేలే. చెమటతో చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. "దిగాలా? ఎక్కడ దిగాలి?" అని వెనక సీట్లో ఉన్న లొసలీనినే అడుగుతున్నాడు.

అవతలనుంచి చెరుకు రైలు కూత పెట్టుకుంటూ వస్తోంది. లొసలీని ముందు సీటు మీదికి వంగి, గేరు తప్పించి, కిందికి దిగి బండిని నెట్టింది. ఇద్దరు లారీ డ్రైవర్లు పరిగెత్తుకొచ్చి సాయం పట్టారు.

"ఒంట్లో చక్కెర పడిపోయినట్టుంది. ఒక గడ ఇవ్వండయ్యా!" అని అరిచింది.

ఒకడు లారీలోంచి గడ లాగి, మోకాలికేసి విరిచి ఇచ్చాడు. "నమిలి మింగు బావా, నమిలి మింగు" అంటూ పక్కనే కూర్చుంది. ఈలోగా ఇంకొకడు తన డబ్బాలోని తియ్యటి టీ తెచ్చి తాగించాడు. పావుగంటకి ఇసికేలి కళ్ళు తేటపడ్డాయి.

"నాకిలా చెరుకు తినిపించమని డాక్టరే చెప్పాడా?" అన్నాడు నీరసంగా.

"ఈమధ్య డాక్టరు దగ్గరికి నువ్వెప్పుడెళ్ళావు గనక! ఏం మింగుతున్నావో చెప్పు ముందు."

ఆమే సీటు కింద చెయ్యిపెట్టి వెతికింది. పచ్చరంగు డబ్బా ఒకటి దొరికింది. మీద కొండ బొమ్మ, 'ఆకుపొడి క్యాప్సూళ్ళు, చక్కెర జబ్బుకి, ఏ హానీ లేదు' అన్న అక్షరాలు. మార్కెట్లో ఎవరో అమ్మితే కొన్నాడట. ఆసుపత్రి మాత్రలు మానేసి రెండు నెలలైందట.

ఆమె డబ్బా తిప్పి చూసింది. తయారైన తేదీ ఇంకా రాలేదు, వచ్చే నెలది. మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది.

"దోమల కాయిల్ వాసన వస్తోందేమిటిది?"

"అందుకేనేమో, ఈ మధ్య నన్ను దోమలు కుట్టట్లేదు" అన్నాడు ఇసికేలి.

ఆమెకి నవ్వు రాలేదు. బావని ఆసుపత్రిలో దింపి, డబ్బాని బ్యాగులో పడేసుకుని, నడుచుకుంటూ రేవుకెళ్ళింది.

ఆఫీసులో ఆమెకి పై అధికారి అపిసాయి. సువా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. ఆమెకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నెమ్మదస్తుడు. కంప్యూటర్ ఏ కంటైనర్ని తెరవమంటే దాన్ని తెరుస్తాడు.

"సార్, ఈ మందు దోమల కాయిళ్ళ మధ్య పడుకుని వచ్చింది. కాయిళ్ళు తెచ్చేవాళ్ళ కంటైనర్లు తెరుద్దాం."

"అక్కా, వాసన అని కాగితం మీద ఎలా రాయను?"

"అనుమానం అని రాయండి. అదెలా వచ్చిందని ఎవరూ అడగరు."

రాశాడు. ఆ వారంలో వచ్చిన కాయిళ్ళ కంటైనర్ ఒకటి తెరిపించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టె పెట్టె విప్పారు. అన్నీ దోమల కాయిళ్ళే. తెచ్చిన వ్యాపారి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. విప్పినవన్నీ మళ్ళీ సర్దడానికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఆమెని చూసినప్పుడల్లా రేవులో ఎవడో ఒకడు చేత్తో దోమని కొట్టినట్టు చప్పట్లు కొట్టేవాడు.

ఇంటికొస్తే బావ ఉండనే ఉన్నాడు. ఆసుపత్రిలో రెండు రోజులుంచి పంపారు. "నా మందు పట్టుకుపోయి దోమల్ని పట్టుకున్నావట కదా మరదలా!"

"నువ్వు బతికున్నావు కాబట్టి మాట్లాడుతున్నావు. నోర్మూసుకుని ఆ కర్రపెండలం కాస్త తక్కువ తిను."

ఆ మాట అంది గానీ ఆ రోజు ఆమెకి అన్నం సహించలేదు. నాతో వరండాలో కూర్చుని అంది: "తప్పు కంటైనర్ పట్టానంటే ఒప్పుకుంటాను. కానీ అది కాయిల్ వాసనే. నా ముక్కు నాకు తెలియదా?"

మూడు వారాల తర్వాత ఇంకో కంటైనర్ వచ్చింది. కాగితాల్లో దోమల కాయిళ్ళు, ప్లాస్టిక్ బకెట్లు. తెచ్చిన కంపెనీ పెట్టి ఏడాది కూడా కాలేదు. అడ్రసు చూస్తే ఒక మంగలి షాపుది. ఈసారి వాసన సంగతి ఎత్తకుండా ఆ అడ్రసు కాగితాన్ని అపిసాయి ముందు పెట్టింది. అతను చదివి, కంప్యూటర్ వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"ఇది కూడా దోమలే అయితే?"

"నేనే సర్దుతాను సార్, ఒక్కదాన్నే."

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది చిన్నసామి. పాతికేళ్ళుగా అదే పని. ముందు వరసలోని పెట్టెలు దింపాడు, కాయిళ్ళే. రెండో వరస, బకెట్లు. మూడో వరస ఎత్తగానే చిన్నసామి బండి ఆపి తల బయటికి పెట్టాడు.

"లొసా అక్కా, ఈ పెట్టెల మీదా కాయిళ్ళనే రాసుంది. కానీ ఇందాకటివాటికంటే బరువు. దోమలకి కొత్తగా ఇనుప కాయిళ్ళేమైనా చేస్తున్నారా?"

లొసలీని కత్తి తీసుకుని టేపు కోసింది. పైన ఒక వరస కాయిల్ ప్యాకెట్లు. వాటి కింద పచ్చ డబ్బాలు, కొండ బొమ్మతో. తర్వాతి పెట్టె కోసింది, అవే. ఇంకోదాంట్లో పేరున్న యాంటీబయాటిక్ అట్టపెట్టెలు, అసలువాటిలాగే ఉన్నాయి గానీ పేరులో ఒక అక్షరం తప్పుంది. ఇంకోదాంట్లో మాత్రలు సంచులతో విడిగా, ఎవరు ఏ పేరు అంటిస్తే ఆ మందయ్యేందుకు సిద్ధంగా ఉన్నాయి. లొసలీని అలాగే ఒక పెట్టె మీద కూలబడి, ఒక్క క్షణం మొహం చేతుల్లో దాచుకుంది. చిన్నసామి మంచినీళ్ళ సీసా అందించాడు. ఇన్నాళ్ళూ దోమల చప్పట్లు కొట్టినవాళ్ళు ఆ రోజు నిజంగానే కొట్టారు.

నమూనాలు పరీక్షకి వెళ్ళాయి. ఆకుపొడి పేరుకే ఉంది. లోపల చక్కెరని కిందికి లాగేసే మందు, అదీ ఒక్కో క్యాప్సూల్‌లో ఒక్కో మోతాదు. ఒకటి ఏమీ చెయ్యదు, ఇంకోటి మనిషిని పడేస్తుంది. కంపెనీ మనిషి విమానాశ్రయంలో దొరికాడు. కేసు నడుస్తోంది. ఆ తర్వాత ఇలాంటి సరుకు వస్తే చూసుకోమని చుట్టుపక్కల దీవుల కస్టమ్స్ వాళ్ళకి ఫోటోలు వెళ్ళాయి. తయారీ తేదీ, తప్పు అక్షరం, పెట్టెల బరువు అన్నీ వాటి కింద రాశారు. అపిసాయి తనే కూర్చుని ఆ కాగితం తయారుచేసి, 'వాసన' అని కూడా చేర్చాడు.

లొసలీనికి మెచ్చుకోలు కాగితం వచ్చింది. తిట్లూ వచ్చాయి. శనివారం మార్కెట్లో చేమదుంపలమ్మే మెరే అవ్వ అందరి ముందూ కడిగేసింది.

"నా డబ్బాలు పట్టుకున్నది నువ్వేనా? రెండు బస్సులు మారి ఆసుపత్రికెళ్తే నా రోజంతా పోతుంది. అవి అమ్మే పిల్లాడు నేను కూర్చున్న చోటికే తెచ్చిచ్చేవాడు. ఇప్పుడు నన్ను చావమంటావా?"

లొసలీని అవ్వ పక్కనే చాప మీద కూర్చుంది.

"కళ్ళు తిరిగాయా అవ్వా ఎప్పుడైనా?"

"తిరిగితే తిరిగాయి. ఎండకి అనుకున్నా." చేమదుంపల మట్టి దులుపుతూ, "రెండుసార్లు పడ్డాను" అంది మెరే అవ్వ మెల్లిగా.

సోమవారం లొసలీని తను ఒకప్పుడు పనిచేసిన ఆరోగ్య కేంద్రానికెళ్ళి, అక్కడి నర్సు వెంటపడింది. నెలకి రెండు శనివారాలు నర్సు మార్కెట్‌కే వచ్చి చక్కెర చూసి, మందులివ్వడానికి ఒప్పుకుంది. బల్ల ఎక్కడ వెయ్యాలో మెరే అవ్వే చూపించింది, తన చేమదుంపలు కాస్త పక్కకి జరిపి.

మొదటి శనివారం జనాన్ని పోగేసే పని ఇసికేలి మీద పడింది. టాక్సీ కిటికీలోంచి తల బయటికి పెట్టి అరుస్తూ మార్కెట్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పన్నెండింటికి నలభైమంది అయ్యారు. చివర్లో లొసలీని అతని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది.

"నాకెందుకు? నేను బానే ఉన్నాను!"

"వేలు చాపు బావా. సూది చూసి ఏడుస్తావేమోనని చూడ్డానికే ఇంతమందీ ఆగారు."

వేలు చాపాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు.