అన్నిటికీ పనికొచ్చే సైకిలు

ఆ రోజుల్లో అంటే మరీ లాంతర్ల కాలం అనుకునేరు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులే. కాకపోతే అప్పటికి నా కాళ్ళు ఇంకా నా మాట వినేవి కావు. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకి పొద్దు ఎంత నెమ్మదిగా గడుస్తుందో గడిపినవాళ్ళకే తెలుస్తుంది. వీధిలోకి వెళ్తే ఇంట్లో ఏదో జరిగిపోతోందనిపించేది, ఇంట్లోకొస్తే వీధిలో. అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. (పిల్లే నయం, ఎక్కడికెళ్ళొచ్చావని దాన్ని అడిగేవాళ్ళుండరు.) అలాంటి సమయంలో పామర్రుకి అవతల, కాలవ దాటాక పొలాల మధ్యనుండే ఒక చిన్న ఊరి కాన్వెంటులో టీచరు పని దొరికితే, జీతం ఎంతో కూడా సరిగ్గా వినకుండా ఒప్పేసుకున్నాను.

ఉద్యోగం బాగానే ఉంది, వెళ్ళడమే కుదిరేది కాదు. మా ఇల్లు పామర్రులో. ఆ ఊరికి బస్సు లేదు. షేర్ ఆటో ఉంది గానీ అది నిండితే తప్ప కదలదు, నిండాక నాకు చోటుండదు. కాలవ వంతెన దగ్గర దిగి అక్కణ్ణించి బడిదాకా పరుగులాంటి నడక. ఒకరోజు డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వెళ్తున్న నన్ను నాన్న ఆఫీసాయన ఎవరో చూసి, సాయంత్రానికల్లా కబురు మా ఇంటికి చేరవేశారు. నాన్న అరిచే మనిషి కాదు. మజ్జిగన్నం దాకా ఆగి అప్పుడు చెప్పారు.

"నీ అంతట నువ్వు, టైముకి, ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్ళి రాగలిగితే చెయ్యమ్మా. లేదంటే మానేసి, ఇంట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదువుకో."

ఇంట్లో కూర్చోవడం అన్న మాట వినగానే ముద్ద వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కోగానే విజయవాడ వన్ టౌన్‌లో గిన్నెల కొట్టున్న మా బాబాయికి ఫోన్ చేసి, అర్జెంటుగా సైకిలు కావాలన్నాను. ఆయన పక్క సందులో పాతసామాన్ల వాడి దగ్గర ఒకటి చూసి, పామర్రు వచ్చే సరుకుల ఆటోలో సత్తుగిన్నెల మూటల మీద పడేసి పంపించాడు. దింపాక చూస్తే మధ్యలో ఇనప బారున్న మగవాళ్ళ సైకిలు. దాని రంగేమిటో చెప్పడం ఎవరివల్లా కాలేదు. చవగ్గా వచ్చింది, గట్టి బండి అన్నాడు బాబాయి. గట్టిదే, తొక్కినా కదలనంత గట్టిది.

బస్టాండు దగ్గర సైకిలు షాపు నడిపే భాయ్‌ని మా వీధిలో అందరూ అవుద్ది గారనేవాళ్ళం (ఆయన లేనప్పుడు లెండి). ఏమడిగినా "అవుద్దమ్మా" అనేవారు. కాదనడం ఆయన నోటికి రాదు. కొత్త టైర్లు, కొత్త చైను, కాస్త నూనె పడేసరికి బండి గాలిలా పోయింది. అక్కడితో ఊరుకునే బుద్ధి ఉంటే నేను నేనెందుకవుతాను? ఎండకి గొడుగు నిలబెట్టుకునే గొట్టం హ్యాండిల్‌కి బిగించొచ్చా అన్నాను. అవుద్దన్నారు. చార్టులు చుట్టి పెట్టుకోవడానికి నిలువుగా ఒక పీవీసీ పైపు? అవుద్దన్నారు. చున్నీ చక్రంలో పడకుండా జాలీ అమ్మ కోరిక. ఆ ఊరి గేదెపాలు తెప్పించుకోవాలని నానమ్మకి ఆశ, అందుకని క్యానుకి ఒక కొక్కెం. ఉద్యోగం మానెయ్యమన్న నాన్న కూడా, పొలాల దగ్గర కూరగాయలు తాజాగా ఉంటాయంటూ, చెరో పక్క ఒక్కో కూల్‌డ్రింకు క్రేటు కట్టిస్తే బాగుంటుందేమో అన్నారు. బస్తా మోసినా ఒరగకుండా డబుల్ స్టాండు, ఎవరినైనా ఎక్కించుకోవడానికి క్యారియర్ మీద మెత్త, చీకటి పడితే డైనమో లైటు. రోజూ బడి నుంచి రావడం, పుస్తకాల సంచీ అవతల పారేసి షాపుకి పరిగెత్తడం. ఇదే ఆఖరిదని చెప్పి వచ్చి, పక్క మీద దొర్లుతూ ఇంకోటి ఆలోచించేదాన్ని.

వెడల్పు ఎక్కువైందేమో అన్న అనుమానం నాకూ రాకపోలేదు. అందుకే మా ఇంటి గేటులోంచి లోపలికీ బయటికీ తొక్కి చూశాను. బ్రహ్మాండంగా పట్టింది. నేను చేసిన కొలత అంతే. నేను వెళ్ళాల్సింది గేటులోంచి కాదు, వంతెన మీంచి అన్నది తట్టలేదు. ఆ కాలవ వంతెన చిన్నది. ఒకప్పుడు వడ్లు వేసుకెళ్ళే ట్రాక్టర్లు ఎక్కి పలక విరగ్గొడితే, మళ్ళీ ఎక్కకుండా ఊరివాళ్ళు రెండు చివర్లా రెండేసి సిమెంటు స్తంభాలు పాతారు. మనుషులు, సైకిళ్ళు, స్కూటర్లు పడతాయి. రోజూ వాటి మధ్యనుంచే నడిచెళ్ళే నాకు అవి ఉన్నట్టే గుర్తులేదు.

సోమవారం తెల్లారకముందే లేచి, బండికి పసుపు కుంకుమ పెట్టించుకుని బయల్దేరాను. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కాలవ గట్టు మీద చల్లగాలి, గొడుగు రెపరెపలు, నా అంత గొప్ప మనిషి డెల్టాలో లేదనిపించింది. ఆ ఊపులోనే వంతెన దగ్గరికొచ్చి స్తంభాల మధ్యకి తోసేశాను. హ్యాండిల్ వెళ్ళింది, నేను వెళ్ళాను, క్రేట్లు వెళ్ళలేదు. వెనక్కి లాగితే చున్నీ జాలీ ఎక్కడో పట్టేసింది. ముందుకి నెడితే క్రేట్లు ఇంకా బిగుసుకున్నాయి. ఊడదీద్దామంటే భాయ్ బిగించిన నట్లు నా వేళ్ళకి లొంగుతాయా? ఇంతలో వెనక పాలవాళ్ళు ఆగారు, నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు ఆగారు, ఒక స్కూటరు ఆగింది. అందరూ తలో సలహా. అవతల బడిలో ప్రార్థన గంట మొదలైంది. సైకిలెక్కిన మొదటిరోజే ఇలాగైతే నాన్నకి ఏం చెప్పను, ఇక ఇంట్లో కూర్చోవడమే అనుకుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. సిగ్గేసి గొడుగు కాస్త కిందికి వంచుకున్నాను.

స్కూటర్ మీద వెనక కూర్చుంది మా బడి పెద్ద మేడమ్. ఆవిడ దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ముందుకొచ్చి, పైపులోని చార్టుల నుంచి కొక్కేనికున్న పాలక్యాను దాకా తీరిగ్గా చూశారు.

"ఏమ్మా, బడికొస్తున్నావా, కాపురానికొస్తున్నావా?"

నాట్లకెళ్ళే ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. నాకూ ఏడుపులోంచే నవ్వొచ్చింది. వాళ్ళలో ఒక పొడుగామె నన్ను పక్కకి జరగమని, తనవాళ్ళతో "అటు మీరు పట్టండే, ఇటు మేం పడతాం" అంది. నారు మోపులెత్తే చేతులవి. సైకిల్ని గొడుగుతో సహా స్తంభాల మీదనుంచి ఎత్తి వంతెన మీద పెట్టారు, అవతలి చివర మళ్ళీ ఎత్తి గట్టు మీద దించారు. ఆ ఊరేగింపు వెనక నేను, నా వెనక పాలవాళ్ళు, ఆ వెనక పెద్ద మేడమ్. బడికి ఇద్దరం ఆలస్యంగానే చేరాం గనక ఆవిడ నన్నేమీ అనలేదు.

సాయంత్రం సైకిల్ని ఇవతలి గట్టుకి చేర్చింది కూడా వాళ్ళే, నాట్ల నుంచి తిరిగొస్తూ. ఇంటికొచ్చి నాన్నకి దాచకుండా అంతా చెప్పేశాను. టైముకి వెళ్ళలేదనీ, నా అంతట నేనూ వెళ్ళలేదనీ, ఎవరి మీదా ఆధారపడకుండా అన్నారు గానీ ఊళ్ళో సగంమంది మీద ఆధారపడ్డాననీ. ఆయన చాలాసేపు సైకిలు చుట్టూ తిరిగారు. ఆ తిరగడం చూస్తే, నా కాళ్ళు ఎవరి పోలికో మొదటిసారి తెలిసింది. చివరికి పెరట్లోంచి పానా తెచ్చి, తను అడిగి పెట్టించిన క్రేటు ముందే కూర్చున్నారు.

"నలుగురు తలో చెయ్యి వేస్తే అది ఆధారపడటం కాదులేమ్మా. రేపు ఇంకాస్త ముందు బయల్దేరు," అన్నారు నట్టు మీంచి చూపు తిప్పకుండా.

నేను అలాగే బయల్దేరాను. ఆ బడి తరవాత ఇంకో బడి, పామర్రు తరవాత విజయవాడ. ఇప్పుడు ఆదివారం పూట మా ఆయన ఎటైనా వెళ్దామంటే, ఈ ఎండలో ఎందుకండీ అనేది నేనే. అన్నాక నాకే ఆశ్చర్యమేస్తుంది. అప్పటి నేను, ఆ కాలుగాలిన పిల్ల, ఇప్పుడు గుమ్మంలోకొచ్చి, లే, వెళ్దాం పద అంటే ఏం చేస్తానో తెలీదు. ఎక్కడికే అని అడిగితే ఏం చెప్తుంది, దానికీ తెలీదు. విసుక్కుంటూనే లేచి, చెప్పులెక్కడ విడిచానా అని వెతుక్కుంటాననే అనుకుంటున్నాను.