మల్లక్క ఇచ్చిన రాగిబిళ్ళ

“రాగి నీళ్ళల్ల ఏసుకుంటె మంచిదనే గద బిడ్డా అందరంటరు? టీవీల జెప్తరు, ఫోన్ల జెప్తరు. నేనేమన్న లేని ముచ్చట జెప్పిన్నా?”

మల్లక్క అడుగుతూనే ఉంది గాని నా జవాబు కోసం చూడటం లేదు. చూపంతా గోనెసంచి మీద పెట్టిన ఫోను మీదే ఉంది. వరంగల్ కాశిబుగ్గ వెనక సందులో ఆమె తుక్కు విప్పే రేకుల షెడ్డులో ఉన్నాం. కూలరుకు పాత ఫ్యాను దొరుకుతుందేమోనని ఎండాకాలం మొదట్లో ఒకసారి వెళ్ళాను. ఫ్యాను దొరికింది, ఆమె మాటలూ దొరికాయి, అప్పటినుంచి పనేమీ లేకపోయినా వెళ్తున్నాను. ఎప్పుడు వెళ్ళినా ముందు చాయ్ చెప్పేది. ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు.

ఆమె విప్పేవి బిట్‌కాయిన్ మిషన్లు. హైదరాబాదులో ఎవరో కుర్రాళ్ళు గదుల నిండా పేర్చుకుని, కంటికి కనిపించని నాణేల కోసం పగలూ రాత్రీ తిప్పారట. కొత్త రకం వచ్చాక పాతవాటి రాబడి అవి తినే కరెంటుకే సరిపోక తుక్కు కింద వదిలించుకున్నారు. అవి ట్రాలీ ఆటోల్లో వరంగల్ దాకా వస్తాయి. చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్దవి, రెండు పక్కలా ఫ్యాన్లు, లోపలంతా నల్లటి దుమ్ము. ఇందులో పైసలు పుట్టాయంటే తనకు నమ్మబుద్ధి కాదని, మసి తప్ప ఏమీ కనిపించలేదని మల్లక్క నవ్వేది.

భర్త కట్టయ్య బతికున్నప్పుడు తోపుడు బండి మీద పాత ఇనుము, అట్టలు కొనేవాడు. ఆయన పోయాక ఆ బండినే ఆమె తోసింది. మొదట్లో వాకిళ్ళలోకి వచ్చినవాళ్ళంతా ఆడమనిషి బండి తోయడం చూడటానికే వచ్చారు గాని ఇనుము తేలేదట. బండి పోయి షెడ్డు వచ్చింది, ఇనుము పోయి కంప్యూటర్లు వచ్చాయి. మిషన్‌ను పాదాల మధ్య బిగించి పట్టుకుని స్క్రూలు తీస్తుంది. ఫ్యాన్లు ఒక పక్కకు, అల్యూమినియం రెక్కలు ఇంకో పక్కకు, కార్డులు సంచిలోకి. కరెంటు డబ్బాలోని రాగి పట్టీలు మాత్రం తెల్లటి టంకపు అతుకుతో కరుచుకుని ఉంటాయి. ఇనుప పెనం కింద మంట పెట్టి వాటిని దాని మీద వేస్తుంది. అతుకు కరిగి పాదరసంలా జారుతుంది, రాగి ఊడి వస్తుంది.

కట్టయ్యకు ఒక పట్టింపు ఉండేది. లోడులో మొదట చేతికొచ్చిన రాగి అమ్మకూడదు, ఎవరికైనా ఊరికే ఇయ్యాలి. మల్లక్క అది తప్పలేదు. ఆ పట్టీలను బిళ్ళలుగా కత్తిరించి, చింతపండుతో మెరిసేదాకా తోమి, బిందెలో వేసుకోమని సందులో ఆడవాళ్ళకు పంచింది. అన్నిటికంటే మందంగా ఉన్న బిళ్ళ పద్మలతకిచ్చింది.

పద్మలత ఈ షెడ్డులోనే ఫ్యాన్లు విప్పేది. ఒకసారి కడుపు పోయింది. మళ్ళీ నిలిచిందని తెలియగానే పని మానేసి ములుగు దగ్గర అత్తగారింటికి వెళ్ళింది. వెళ్ళేరోజు మల్లక్క ఆ బిళ్ళను ఆమె కొంగున ముడేసి, పొద్దున లేవగానే మొదట అది వేసిన నీళ్ళే తాగమని ఒట్టేయించుకుంది.

తర్వాత హనుమకొండలో తుక్కు పనివాళ్ళకు ఒక పూట శిక్షణ పెట్టారు. అక్కడ ఒక మేడమ్ పాత డబ్బాల్లోని తెల్లటి అతుకు చూపించి, చాలావాటిలో సీసం ఉంటుందని, అది ఒంట్లోకి పోతే కడుపులో పిల్లకు చేటని చెప్పింది. కరిగించిన పాత్రలో వేసిన ప్రతిదానికీ అది అంటుతుందని కూడా చెప్పింది. వెనక వరసలో కూర్చున్న మల్లక్కకు చెవుల్లో హోరు తప్ప తర్వాత మాటలేవీ వినపడలేదట.

“బిళ్ళకు నేను రంధ్రం గొట్టిన బిడ్డా, తాడు గట్టుకోనీకి. ఆ రంధ్రంల తెల్లగ ఉండె. చూసిన. చింతపండు అందలేదనుకున్న.”

ఇంటికి రాగానే బిళ్ళల కోసం సందంతా తిరిగింది. కారణం చెప్పడానికి నోరు రాలేదు, కొత్తవి తోమి ఇస్తానంది. సంబంధం తప్పినట్టు పెట్టిపోతలు వాపస్ అడుగుతానవేందమ్మా అని ఆ సందులోనే ఉండే సుల్తానా బేగం నలుగురిలో నవ్వింది. ఆ నవ్వు మధ్యే మల్లక్క బిళ్ళలన్నీ కొంగులో వేసుకుంది, ఒక్క పద్మలతది తప్ప.

పద్మలత ఉన్న ఇంట్లో ఫోను అత్త సమ్మమ్మ చేతిలో ఉంటుంది. నిన్న మల్లక్క చేసింది గాని, పద్మ నీళ్ళు తాగుతుందా అని మాత్రం అడిగి కట్ చేసింది. మల్లక్క భయం వేరే. తను మొగుడు లేని మనిషి, కడుపుతో ఉన్నదాని నీళ్ళలో ఏదో వేయించింది. రేపు ఏదన్నా అయితే మంత్రం పెట్టిందంటారు. అడవి పక్క ఊళ్ళలో ఆ మాట పడ్డ ఆడదాన్ని ఏం చేస్తారో ఆమె చిన్నప్పుడు కళ్ళారా చూసింది. ఏం చూసిందో నాకు చెప్పలేదు. మెడ మాత్రం చేత్తో పట్టుకుంది.

అప్పుడే ఫోను మోగింది. సమ్మమ్మే. ఎత్తబోతే మల్లక్క వేలు స్పీకరు మీద పడింది.

“ఏం వదినె, నిన్న ఊకె కట్ చేస్తివి? పద్మకు తెల్లారంగ నుంచి పొత్తికడుపుల నొస్తాంది. ఫికర్ జెయ్యకు, నీ రాగి నీళ్ళే ఇంకో చెంబెడు తాగిచ్చిన.”

మల్లక్క ఫోను నోటి దగ్గరికి లాక్కుంది. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. రేకుల వేడిలోనూ ఒళ్ళు చల్లగా తగిలింది.

“సమ్మక్కా, ఆ నీళ్ళు పారబొయ్యి. ఆ బిళ్ళకు సీసం అంటింది. నాకెరుక లేక ఇచ్చిన. పిల్లను దవాఖానకు తీస్కపో.”

సమ్మమ్మ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

“నా కోడలు కడుపుల ఏం బోసినవే నువ్వు?”

ఫోను ఆగిపోయింది. మల్లక్క మళ్ళీ చేసింది, ఎత్తలేదు. నా ఫోను నుంచి చేశాను. స్విచాఫ్. ఆ నొప్పి ఈ నీళ్ళదే కాకపోవచ్చని, డాక్టరు చూస్తేగాని తెలియదని అన్నాను. ఆమె తలూపింది గాని విన్నట్టు లేదు. తను వెళ్తే గడప కూడా తొక్కనియ్యరని, తనను చూస్తే గొడవలో పడి పిల్లను మర్చిపోతారని తనలో తనే గొణుక్కుంది.

లేచి వెళ్ళి, మూలన దాచిన డబ్బాలోంచి, సందులో వాపస్ తెచ్చిన బిళ్ళల్లో ఒకటి తీసి పాలకవరులో చుట్టింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కవరు నా సంచిలో వేసి, సంచి మూతి తనే గట్టిగా ముడేసింది.

“నువ్వు పో బిడ్డా, ములుగు బస్సుకు. నువ్వైతె ఆడపిల్లవు, వంటింట్ల దాంక పోతవ్. ఆ బిందె నీ చేతులతోని పారబొయ్యి, ఇంకొకలకు ఇడ్వకు. పద్మను జీపుల ఎక్కిచ్చి దవాఖానకు తోల్కపో, ఈ బిళ్ళ డాక్టరమ్మకు చూపియ్యి. ఎవరిచ్చిండ్రంటె దాయకు, నా పేరు జెప్పు. తిడ్తె తిట్టనియ్యి, నువ్వు అడ్డం పడకు. పిల్లను మాత్రం ఇడిసిపెట్టి రాకు.”