నలుగుపిండి పొట్లం

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు కూర్చున్నారు. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"ఏమైందమ్మా?" అని పెద్దావిడను అడిగాను.

"దీని నేస్తం ఆఫ్రికా పిల్ల, బాబూ. ఆళ్ల నాయిన ఇక్కడ పెద్ద సదువుకొచ్చినాడు, మా సుభాష్‌పల్లి పేటలోనే ఉంటారు. రాసుకుంటే తెల్లబడతావని ఇది బడిలో దానికి నలుగుపిండి పొట్లం ఇచ్చినాది. ఆ రోజునుంచి ఆ పిల్ల దీంతో మాటాడ్డం నేదు. ఇయాల ఊరొదిలి ఎల్లిపోతన్నారు."

"ఆ పిల్లకు నేను నచ్చజెప్పనా?" రంగు వివక్ష గురించి ఎన్నో సభల్లో మాట్లాడిన ధీమాతో అన్నాను.

"ఒద్దు బాబూ. ఉయ్యాల్లో ఉన్నకాడ్నుంచి దీనికి నలుగు పెట్టి, తెల్లబడతావని సెప్పింది నేను. నేనే సెప్పాల."

ఇంతలో ఆ కుటుంబం సామాన్లతో లోపలికి వచ్చింది. పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లి, అందరి ముందూ ఆ పిల్ల ఎదుట నేలమీద కూర్చుంది.

పేటలోని తెలుగు పిల్లలతో ఆడి మన భాష నేర్చిన ఆ పిల్ల సూటిగా అడిగింది. "నా రంగు మురికా, మామ్మా?"

"కాదమ్మా. నాకు బుద్ధి నేక దీనికి అలగ నేర్పినాను. తప్పు నాది."

ఆ పిల్ల నేస్తం వైపు తిరిగింది. "ఇంకోపాలి అన్నావంటే కొడతాను."

"కొట్టు. మాటాడు, సాలు."

రైలు వచ్చేదాకా ఇద్దరూ ఒకటే కబుర్లు.

అంతవరకూ సభల్లో నేను సమాజాన్నే నిలదీశాను. ఇప్పుడు మా ఇంట్లో మా పిల్లలకు నేనేం నేర్పానో ముందు చెప్పి, ఆ తర్వాతే ఉపన్యాసం మొదలుపెడతాను.